పుష్యంలో వచ్చిన మాఘ తద్దినం

మేం పనిచేసిన గదిలో ఒక గోడంతా తెల్లబోర్డే. పైన పెద్ద అక్షరాలతో "మనం ఎవరం?" అని ఇంగ్లీషులో రాసుండేది. కింద జవాబు. నేను చేరిన రోజున ఆ జవాబు, "ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్లకి తద్దినాల తిథులు గుర్తుచేసేవాళ్లం" అని. ఆర్నెల్లకి "ఉత్తరాదిలో ఉన్న దక్షిణాదివాళ్ల ఇంటి పురోహితులం" అయింది. ఇంకో రెండు నెలలకి "భారతీయుల భక్తి నేస్తం". నేను మానేసే నాటికి "ప్రపంచ ఆధ్యాత్మిక వేదిక". మనుషులం మాత్రం అదే ఏడెనిమిది మందిమి, అదే గది, అదే పాలపొడి టీ.

మా ద్వారక సొసైటీలో ఇంజనీరింగ్ అయిన పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మేం కూడా స్టార్టప్ పెడుతున్నాం, ఏఐ ఉంది కదా, వారంలో యాప్ రెడీ" అంటున్నారు. అవుతుంది నాయనా. వారం ఎందుకు, సాయంత్రానికే అవుతుంది. నేను కళ్లారా చూశాను. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను. తియ్యగా ఉండదు. ఇన్నాళ్లయినా ఆ రోజు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేకపోతే తరవాతది అర్థం కాదు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. గోదావరి పక్క మా ఇంట్లో మా మేనత్తే నాకు చదువు చెప్పింది. తెలుగు, లెక్కలు, కాస్త సంస్కృతం. వాటితోపాటు తిథి కట్టడం. పంచాంగ గణితం ఆవిడకి మా తాతగారి నుంచి వచ్చింది, ఆవిడ నుంచి నాకు వచ్చింది. ఆవిడ రుణం ఈ జన్మలో తీరదు. పెళ్లయ్యాక వాయుసేనలో పనిచేసే మా వారితో నాలుగు కంటోన్మెంట్లు తిరిగి ఢిల్లీలో ఆగాను. ఇక్కడ ఒక అనువాదాల ఆఫీసులో తెలుగు టైపు చేయడం, ప్రూఫులు దిద్దడం నా పని. యాభై ఎనిమిదో ఏట ఆ పనీ కంప్యూటరే చేసుకోవడం మొదలుపెట్టింది, ఆ ఆఫీసు మూసేశారు. ఇన్నాళ్లు నడిపించావు స్వామీ, చాలు అని దండం పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాను.

అప్పుడొచ్చింది ఫోను.

"నమస్తే ఆంటీ. మీరు తిథి కడ్తరట గద. తెలుగు సంఘమోళ్లు చెప్పిన్రు. ఒకపారి నోయిడా రాగలుగుతరా?"

హైదరాబాదు అతను. ముప్పై రెండేళ్లుంటాయి. పెద్ద కంపెనీలో ఉద్యోగం వదిలేసి సొంతంగా ఇది పెట్టాడు. ఎందుకు పెట్టావు బాబూ అని అడిగితే చాలాసేపు తల వంచుకుని చెప్పాడు. వాళ్ల నాన్నగారు పోయిన రెండో ఏడు, ఇక్కడ ఉద్యోగంలో పడి తద్దినం సంగతే మరిచిపోయాడట. సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసి, "పెట్టినవా బిడ్డా?" అని అడిగిందట. అప్పుడతను ఆఫీసు పార్టీలో ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నా అసోంటోళ్లు ఇక్కడ మస్తుమంది ఉన్నరు ఆంటీ. ఇక్కడి కేలండర్ల మన తిథి దొరకది. ఇంట్ల చెప్పేటోళ్లుండరు. నెల ముందు ఒక మాట యాదికి చేస్తే చాలు. గంతే. ఇంకేం వద్దు."

తన పని ఏమిటో అంత స్పష్టంగా, అంత తక్కువ మాటల్లో చెప్పిన మనిషిని నేను నా ఉద్యోగ జీవితంలో ఇంకొకరిని చూడలేదు. ఆ రోజు అతనికి అన్నీ కనపడుతున్నాయి. ఎవరి కోసమో తెలుసు, ఏమివ్వాలో తెలుసు, ఏది అక్కర్లేదో కూడా తెలుసు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చూపు లేనివాళ్లు పాడుచేసిన కథ కాదిది. ఉన్న చూపుని పోగొట్టుకున్న కథ.

నాకు కుర్చీ ఇచ్చాడు. మెళ్లో వేసుకునే కార్డు ఇచ్చాడు, దాని మీద నా ఫొటో. కాలేజీ గుమ్మం తొక్కని మనిషికి, ఆ వయసులో. రోజూ ద్వారక నుంచి నోయిడాకి మెట్రోలో వెళుతూ ఆ కార్డుని చున్నీ కింద పట్టుకుని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. ఆ కృతజ్ఞతే తరవాత నా నోరు కట్టేసిందని అప్పుడు తెలీదు.

మొదటి ఆర్నెల్లు ఎంత బాగుందో చెప్పలేను. యాప్‌లో మూడే ప్రశ్నలు. పోయినవారు మీకేమవుతారు? తిథి ఏమిటి? మీ ఇంట్లో ఏ ప్రాంతం పంచాంగం పాటిస్తారు? అంతే. తిథుల పట్టిక నేనే కట్టి, మూడుసార్లు సరిచూసి ఇచ్చాను. ముఖర్జీ నగర్‌లో పరీక్షలకి చదివే పిల్లవాడి దగ్గర నుంచి ఆర్కే పురంలో రిటైరైన పెద్దాయన దాకా ఫోన్ చేసి, "అమ్మా, మీ పుణ్యమా అని మా నాన్నకి నీళ్లు వదిలాను" అనేవారు. ఆ పేర్లన్నీ నేనొక నోటుబుక్కులో రాసుకునేదాన్ని.

తరవాత ఆ ఏఐ పనిముట్లు మా గదిలోకి వచ్చాయి. వాటిని నేను తప్పు పట్టను. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెబితే, టీ తాగి వచ్చేసరికి ఒక పేజీ సిద్ధం. ఇదివరకు ఇద్దరు నెలరోజులు కూర్చునే పని. చూసిన మొదటి రోజు నాకూ ముచ్చటేసింది. ముచ్చట అక్కడితో ఆగితే బాగుండేది.

"ఆంటీ, ఇది చూడుండ్రి. పొద్దుగాల అనుకున్నం, ఇప్పుడు అయిపోయింది. జాతకాల మ్యాచింగ్."

"ఎవరడిగారు బాబూ?"

"ఎవ్వరడగలే. పెడితే వాడ్తరు."

మర్నాడు పిల్లలకి పేర్లు. ఆ మర్నాడు వాస్తు. పెళ్లి ముహూర్తాలు, పూలమాలలు, గోమాత దర్శనం. ఇదివరకు ఒక పని పెట్టుకోవాలంటే నెలరోజుల చాకిరీ కాబట్టి, ఇది అవసరమా అని పదిసార్లు ఆలోచించేవాళ్లు. ఇప్పుడు చాకిరీ లేదు. దాంతో ఆలోచన కూడా పోయింది. కష్టమే ఇన్నాళ్లు మాకు కాపలా కాసిందని ఎవరికీ తట్టలేదు.

నోటిఫికేషన్లు కూడా మిషనే రాయడం మొదలుపెట్టింది. ఒక రోజు చూస్తే, "మీ అమ్మగారి వార్షికోత్సవ శుభాకాంక్షలు" అని, పక్కన పూలగుత్తి బొమ్మ. వెళ్లబోతున్నదాన్ని పట్టుకుని ఆపాను. గదిలో అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు, ఆంటీ బచాలియా, ఆంటీ కాపాడేసింది అన్నారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

అప్పటికి అతనికొక భాగస్వామి వచ్చింది. గుర్గావ్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి, చురుకైనది, పెట్టుబడులు పెట్టేవాళ్లతో మాట్లాడడం ఆమె పని. తెలుగువాళ్లొక్కళ్లే అయితే మార్కెట్ చిన్నది, దేశమంతా కావాలి అంది. దేశమంతటికీ ఒకే కేలండరు పెడదాం అంది. మిషను ఒక మధ్యాహ్నంలో కట్టిపెట్టింది. నా పట్టిక తీసేశారు. ప్రాంతం అడిగే మూడో ప్రశ్న కూడా తీసేశారు.

"ఆ ప్రశ్న ఉండాలమ్మా" అన్నాను.

"ఆంటీజీ, ఏక్ సవాల్ జ్యాదా, ఆధే లోగ్ గాయబ్" అంది నవ్వుతూ. ఒక్క ప్రశ్న ఎక్కువైతే సగంమంది మాయమవుతారట.

ఇక్కడ పంచాంగం గురించి ఒక్క మాట చెప్పాలి. మనకి నెల అమావాస్యతో అయిపోతుంది. ఇక్కడ ఉత్తరాదిలో పౌర్ణమితో అయిపోతుంది. అందుకని వెన్నెల పక్షంలో, అంటే శుద్ధంలో, ఇద్దరి నెలా ఒకటే. చీకటి పక్షంలో, అంటే బహుళంలో, వాళ్లు ఒక నెల ముందుంటారు. శివరాత్రి మనకి మాఘ బహుళంలో వస్తుంది, వాళ్లకి ఫాల్గుణంలో. రాత్రి ఒకటే, ఉపవాసం ఒకటే, నెల పేరే వేరు. పండగలకి దీనితో చిక్కు లేదు. తద్దినానికి ఉంది. మన మనిషి "మాఘ బహుళ తదియ" అని యాప్‌లో పెడితే, ఉత్తరాది లెక్కలో ఆ పేరున్న రోజు సరిగ్గా నెల ముందు వచ్చేస్తుంది.

కొత్త కేలండరు సరిచూడమని నాకిచ్చారు. పండగలన్నీ చూశాను, సరిగ్గా ఉన్నాయి. మా అత్తగారి తిథి పెట్టి చూశాను. నెల తేడా. వెంటనే ఆఫీసు గ్రూపులో రాశాను, తెలుగువాళ్ల బహుళ తిథులన్నీ తప్పు వస్తున్నాయని, ఉదాహరణతో సహా. అతను బొటనవేలు బొమ్మ పెట్టాడు.

"నెక్స్ట్ వీక్ పక్కా ఆంటీ. ముందు ముహూర్తాల పేజీ చూడుండ్రి జర."

నేను ముహూర్తాల పేజీ చూశాను. తరవాతి వారం మళ్లీ గుర్తుచేశాను. మళ్లీ బొటనవేలు. ఆ నెలాఖరున, సరిచూసినవారు అన్న చోట నా పేరు పెట్టమంటే పెట్టాను. ఎందుకు పెట్టానో దాచను. కుర్చీ ఇచ్చిన మనిషిని ఎదిరించడానికి మనసు రాలేదు. మాటిమాటికీ అడిగితే ముసలావిడ సణుగుడు అనుకుంటారని సిగ్గు. అన్నం పెట్టిన చోట వినయంగా ఉండాలని నన్ను పెంచారు. వినయం వేరు, చూసి చూడనట్టు ఊరుకోవడం వేరు అని నాకు నేను చెప్పుకోలేదు.

ఇక హవల్దారు సంగతి.

శ్రీకాకుళం వైపు మనిషి. నలభైకి దగ్గర. సరిహద్దులో మంచుకొండల మీద పోస్టింగు, భార్యా కూతురూ ఇక్కడ ఢిల్లీ కంటోన్మెంట్ క్వార్టర్లో. తల్లి పోయి ఐదేళ్లు. ఇన్నాళ్లు తద్దినం అన్నగారు ఊళ్లో పెట్టేవారు. పోయిన వానాకాలంలో ఆ అన్నగారూ పోయారు. ఇక పెట్టవలసింది ఇతనే. వదినగారిని అడిగితే మాఘ బహుళ తదియ అని చెప్పింది. మా యాప్‌లో పెట్టాడు. తేదీ వచ్చింది. ఆ తేదీ చూపించి మూడు నెలల ముందు సెలవుకి అర్జీ పెట్టుకున్నాడు. పది రోజులు దొరికాయి. దాని కోసం కూతురి పుట్టినరోజుకి రావడం మానుకున్నాడు. తల్లికి తన చేత్తో పిండం పెట్టడం ఇదే మొదటిసారి.

ఇదంతా నాకు ముందుగా తెలీదు. నాకు తెలిసింది మా భాగస్వామి అమ్మాయి చెప్పిన ముక్క. "ఫౌజీ ఫ్యామిలీ, మా కీ బర్సీ. ఆంటీజీ, ఇస్సే అచ్ఛీ స్టోరీ నహీ మిలేగీ." సైనికుడి ఇంట్లో తల్లి తద్దినం, ఇంతకన్నా మంచి కథ పెట్టుబడిదారులకి చూపించడానికి దొరకదట. వీడియో తీసుకురమ్మంది. కంటోన్మెంట్ మనుషులతో నాకు అలవాటు కదా అని నన్ను పంపింది. తిథి ఏమిటో నేనడగలేదు. అడిగి ఉంటే అక్కడే ఆగేది. అడగలేదు.

జనవరి చలి. మంచుకి అతని రైలు తొమ్మిది గంటలు ఆలస్యంగా వచ్చిందట, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పంచె కట్టుకుని, చన్నీళ్ల స్నానం చేసి, వణుకుతూ పీట మీద కూర్చున్నాడు. వంటింట్లోంచి గారెల వాసన. ఆ ఇల్లాలు తెల్లవారుజామునే లేచి అరటికాయ కూర, పచ్చళ్లు, పరమాన్నం అన్నీ మడితో చేసింది. యాప్‌లోనే మాట్లాడుకున్న, సరోజినీ నగర్ వైపు ఉండే తెలుగు పంతులుగారు, ఆయనతో ఇద్దరు భోక్తలు. నేను గోడకి ఆనుకుని ఫోను ఎత్తిపట్టి నిలబడ్డాను. ఒక తల్లి తద్దినం దగ్గర చేతులు జోడించుకోవలసిన దాన్ని, ఫోను పట్టుకుని.

పంతులుగారు సంకల్పం మొదలుపెట్టారు. అలవాటైన నోరు, వేగంగా సాగుతోంది. "...హేమంత ఋతౌ, పుష్య మాసే, కృష్ణ పక్షే, తృతీయాయాం..." అని, ఆగారు.

"బాబూ, అమ్మగారి తిథి ఏమన్నారు?"

"మాఘ బహుళ తదియండి."

"ఇవాళ పుష్య బహుళ తదియ కదయ్యా."

పంతులుగారు చేతిలో ఉద్ధరిణె కింద పెట్టారు.

"యాప్‌లో తేదీ, చిరునామా వచ్చాయని వచ్చేశాను" అన్నారాయన, తన మీద తనకే విసుగుతో. "తిథి అందులో రాయలేదు. నేనైనా అడగాల్సింది."

హవల్దారు వేలికున్న దర్భ పవిత్రం వైపు చూసుకున్నాడు. "అయితే ఏటండి పంతులుగారూ, నెల్లాళ్ల ముందే సేసేస్తన్నానా?"

"ముందు చెయ్యకూడదు బాబూ. తప్పిపోతే తరవాత పెట్టడానికి దారి ఉంది. ముందు పెట్టడానికి లేదు."

"తరవాత నానుండను కదండీ. పై సోమవారం ఎల్లిపోవాలి."

పదేళ్ల కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "పాపా, తో ఆజ్ దాదీ కా దిన్ నహీ హై?" అంది. ఇవాళ నానమ్మ రోజు కాదా అని. అతను వేలికున్న పవిత్రం మెల్లగా తీసి పళ్లెంలో పెట్టాడు.

ఆ ఇల్లాలు నా వైపు తిరిగింది. "మేడమ్‌గారూ, మీరా కంపెనీవాళ్లే కదా. ఇలాగొస్తదని మీకు తెలీదా?"

తెలీదని చెప్పొచ్చు. యాప్‌లో పొరపాటు అనొచ్చు. ఫోను ఇంకా నడుస్తోంది.

"తెలుసమ్మా" అన్నాను.

"తెలిసీ ఊరుకున్నారా?"

అప్పుడు ఫోను ఆపేసి దించాను.

భోక్తలు తినకుండా లేచారు. ఆమె వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద మూతలు పెట్టిన చప్పుడు ఒక్కొక్కటీ వినపడింది. అతను మాత్రం స్వెట్టరు తొడుక్కుని, "సలిగా ఉందమ్మా, ఆటో ఎక్కిస్తాను" అని నాతో గేటు దాకా వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆటో భయ్యాతో జాగ్రత్తగా తీసుకెళ్లమని కూడా చెప్పాడు.

మర్నాడు ఆఫీసులో ఆ ఫోను బల్ల మీద పెట్టి వీడియో చూపించాను. చివరి దాకా. భాగస్వామి అమ్మాయి, "షురూ కే దో మినిట్ బహుత్ అచ్ఛే హై ఆంటీజీ. పండిత్‌జీ రుకనే సే పహలే కాట్ దేతే హై" అంది. పంతులుగారు ఆగడానికి ముందే కత్తిరించి, మొదటి రెండు నిమిషాలు వాడుకుందామట.

నేను అతని మొహం చూశాను. ప్లేటు పట్టుకుని నిలబడి వాళ్లమ్మ ఫోను అందుకున్న మనిషి ఏదైనా అంటాడని.

"ఆంటీ, బాధనే. కానీ ఇది ఎడ్జ్ కేస్" అన్నాడు.

ఎక్కడో అరుదుగా తగిలే చిక్కుని వాళ్ల భాషలో అలా అంటారు. నేను ఆఫీసుల్లో ఎన్నడూ గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచాను.

"నెలకి ముప్పై తిథులు. పదిహేను శుద్ధం, పదిహేను బహుళం. మన చనిపోయినవాళ్లలో సగంమంది బాబూ. సగంమంది నీకు అరుదా?"

"మా బాపుది కరెక్టే వచ్చింది ఆంటీ. నేనే చెక్ చేసిన."

"మీ నాన్నగారు పోయింది వైశాఖ శుద్ధ దశమి. శుద్ధంలో తేడా రాదు. నీ ఇంటి లెక్క సరిపోయింది కాబట్టి అందరి ఇళ్లూ సరిపోయాయనుకున్నావు."

అతను ల్యాప్‌టాప్ తన వైపు లాక్కున్నాడు.

"ఆ మిషనునే అడుగు" అన్నాను. "నా మాట వద్దు. తెలుగువాళ్లు మాఘ బహుళ తదియ అంటే ఉత్తరాది కేలండర్లో ఏ నెల చూడాలో అడుగు."

టైపు చేశాడు. రెప్పపాటులో జవాబు. తెలుగువారి మాఘ బహుళం ఉత్తరాదిలో ఫాల్గుణ కృష్ణం అవుతుంది, కాబట్టి ముందుగా వారి ప్రాంతం అడిగి తెలుసుకోవాలి అని, ఉదాహరణలతో సహా. నాకన్నా శుభ్రంగా చెప్పింది.

ఇన్నాళ్లయినా నా కోపం చల్లారకపోవడానికి కారణం ఆ జవాబే. దానికి తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. దేశమంతటికీ ఒకే కేలండరు కట్టమన్నారు, కట్టింది. ఎవరి కోసమో చెప్పలేదు, అదీ అడగలేదు. ఎవరి కోసమో తెలిసిన మనిషి గదిలో ఉన్నాడు, కొత్త పేజీల సందడిలో మరిచిపోయాడు. అతను మరిచిపోయాడని తెలిసిన మనిషిని నేనూ ఉన్నాను, బొటనవేలు బొమ్మ చూసి తృప్తి పడ్డాను. మిషనుకి తెలివి తక్కువై జరిగింది కాదు. చెప్పాల్సినవాళ్లం చెప్పక జరిగింది.

"ఇప్పుడేం చేద్దామంటరు?" అన్నాడు చివరికి.

"మన దగ్గరున్న తెలుగు కుటుంబాలన్నిటికీ ఫోన్ చేసి, తప్పు మాది, మీ తేదీ మళ్లీ చూసుకోండి అని చెబుదాం. ఇవాళే."

భాగస్వామి అమ్మాయి తల అడ్డంగా ఊపింది. లోపల సరిచేసేస్తే యాప్‌లో తేదీలు వాటంతటవే మారిపోతాయి, ఎవరికీ తెలియనే తెలియదు, ఫోన్లెందుకు అంది. సెలవులు పెట్టుకున్నవాళ్లు? టికెట్లు కొనుక్కున్నవాళ్లు? పోయిన నెల తప్పు రోజున పెట్టేసి నిశ్చింతగా ఉన్నవాళ్లు? అని అడిగాను.

అతను కిటికీ వైపు చూస్తూ, "వారం ఆగుదాం ఆంటీ. ఇన్వెస్టర్ల మీటింగ్ అయినంక" అన్నాడు.

మెళ్లో కార్డు తీసి అతని ముందు పెట్టాను. ఉద్యోగం ఇచ్చినందుకు నిజంగానే థాంక్స్ చెప్పాను. అబద్ధం కాదు, ఇవాళ్టికీ అతని మేలు కోరతాను. కోపం తగ్గిందని కాదు.

ఇంటికొచ్చి నా నోటుబుక్కు తీశాను. మొదటి ఆర్నెల్ల పేర్లన్నీ అందులో ఉన్నాయి. మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కొందరు దండాలమ్మా అన్నారు. ఒకాయన, "మా నాన్నకి కార్తీకంలో పెట్టాల్సింది ఆశ్వయుజంలో పెట్టించారు, మీకు మీ ఇంట్లో పెద్దలు లేరా?" అన్నాడు. ఉన్నారండీ, క్షమించండి అన్నాను. ఒకావిడ ఏమీ అనకుండా ఏడ్చి పెట్టేసింది. తరవాత చేరినవాళ్ల పేర్లు నా దగ్గర లేవు. వాళ్లకి ఎవరూ చేయలేదు.

హవల్దారు వెళ్లేలోగా ఒక ఉత్తరం కూడా రాశాను, అతని కమాండింగ్ ఆఫీసరుకి. ఫౌజులో కాగితం ఎలా రాస్తే చదువుతారో మా వారు చెప్పారు. తప్పు హవల్దారుది కాదు, తేదీ ఇచ్చిన కంపెనీది, దాన్ని సరిచూసినట్టు సంతకం పెట్టింది నేను అని రాశాను. కంపెనీ తరఫున సంతకం చెయ్యమని ఆ హైదరాబాదు అబ్బాయికి పంపితే, లాయర్ వద్దంటున్నాడని జవాబు వచ్చింది. నేనే పెట్టాను. క్వార్టరుకి వెళ్లి హవల్దారు చేతికిచ్చాను. అప్పుడే పంతులుగారు కూడా వచ్చి, తర్పణం ఒక్కడే ఎలా వదలాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, నల్లనువ్వులు, దర్భలు పొట్లం కట్టి ఇచ్చారు. పంతులుగారిని దీవించమని హవల్దారు కూతుర్ని కూడా తీసుకొచ్చి నిలబెట్టాడు.

మీరు అడుగుతారు, కంపెనీ ఏమైందని. ఉంది. ఆ వారమే తేదీలు సరిచేశారని విన్నాను. ఎవరికీ చెప్పకుండా. దాని పేరు ఇంకా పెద్దదయింది. అందులో తద్దినాల పేజీ ఎక్కడుందో వెతుక్కోవాలట.

మీ చేతిలో ఇప్పుడు ఏదైనా కట్టగలిగే పనిముట్టు ఉంది. మంచిదే. కానీ కట్టేముందు ఒక మనిషి మొహం మీకు కనపడాలి. ఎక్కడివాడు, ఎవర్ని పోగొట్టుకున్నాడు, దేని కోసం మీ దగ్గరికి వచ్చాడు. ఆ మొహం కనపడినన్నాళ్లు ఏది కట్టాలో, ఏది మానాలో మీకే తెలుస్తుంది. కనపడడం మానేసిన రోజు ఆపండి. ఆ రోజు మీ దగ్గర పనిచేసే ముసలావిడ ఏదైనా అంటే వినండి. ఆ ముసలావిడవి నువ్వే అయితే, బొటనవేలు బొమ్మకి ఊరుకోకు.

హవల్దారుకి సెలవు మళ్లీ దొరకలేదు. ఉత్తరం చదివి, ఆ ఒక్కరోజుకి డ్యూటీ మార్చారట ఆఫీసరుగారు. అదే చాలని దేవుడికి దండం పెట్టాను.

నెల తరవాత, అసలు తదియ నాడు పొద్దున్నే ఫోను మోగింది. గాలి హోరు, మధ్యలో అతని గొంతు.

"అమ్మా, ఇయాలేనా?"

"ఇవాళే బాబూ."

"కచ్చితంగా ఇయాలేనా? పంతులుగారూ ఇదే రాశారు. అయినా అడుగుతున్నాను."

"ఇవాళే. మాఘ బహుళ తదియ. సాయంత్రం దాకా ఉంది."

గాలి హోరుకి ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను. తరవాత, "మీరే కట్టేరా, ఆ మిషను కట్టిందా?" అన్నాడు.

"నేనే కట్టాను నాయనా."

"సరేనమ్మా. అయితే సేసేస్తాను" అన్నాడు. లైను పోయింది.

అప్పటికి ఆ తిథి మూడుసార్లు కట్టి చూసుకున్నాను. అయినా కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుని, మొదటి నుంచీ మళ్లీ కట్టాను.